మందస నుంచి ఒక ప్రశ్న: అడవి మీద పరిశోధన బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాను. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. ఒక్క రాత్రిలో మా జీడితోట చాలావరకు కూలిపోయింది. తోటకు పైనున్న కొండ మీది అడవి మాత్రం మరుసటి వానలకే పచ్చబడింది. వాతావరణ మార్పులకు అడవుల స్థితిస్థాపకత ఎంత అన్న విషయం మీద పరిశోధన చేయాలని అప్పటి నుంచీ కోరిక. ఇంట్లో బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఆడపిల్ల కొండల్లో తిరగడమేమిటని అమ్మ భయం. డిగ్రీ దాకా నాది తెలుగు మాధ్యమం. ఈ పరిశోధనతో బతకడం సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నల కంటే, మధ్యలో మాటవరసకు రాసిన ఒక సంగతి నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది. తోట కూలిపోయింది, కొండ మాత్రం మరుసటి వానలకే పచ్చబడింది అన్నారు. పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతుక్కునే ప్రశ్న మీకు పదో తరగతిలోనే ఇంటి వెనక దొరికింది. అందుకని ఉద్యోగాల ఊసుకు వచ్చే ముందు ఈ ఒక్క సంగతినీ కాస్త విప్పి చూద్దాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఆ కార్తీకంలో నేను విజయనగరం నుంచి వెళ్ళి ఉద్దానంలో నాలుగు రోజులు తిరిగాను. కొబ్బరిచెట్లు కొన్ని నడిమికి విరిగాయి, కొన్ని మొవ్వు మెలితిరిగి నిలబడ్డాయి. జీడిచెట్లు మాత్రం చాలావరకు విరగలేదు; ఎర్రమట్టి పెళ్ళతో సహా వేళ్ళు పైకి లేచి పక్కకు ఒరిగాయి. కవిటి దగ్గర ఒక తోటలో అలా పడిన చెట్టొకటి, సగం వేళ్ళు ఇంకా నేలలోనే ఉండడంతో, పడుకున్న మాను పొడవునా నిట్టనిలువుగా చిగుళ్ళు వేసింది. దాన్ని కొట్టించాలా, ఉంచాలా అని ఆ రైతు నన్ను అడిగారు. ముప్ఫై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం బోధించినవాడిని, ఆయనకు సూటిగా ఒక్క మాట చెప్పలేకపోయాను.

మీ కొండ ఎందుకు నిలిచింది? దీనికి కనీసం మూడు జవాబులున్నాయి. మొదటిది, ఆ వాలు గాలికి చాటున ఉండి ఉండవచ్చు. అప్పుడు అడవి గొప్పతనం ఏమీ లేదు, కొండ గొప్పతనమే. రెండోది, అక్కడి చెట్ల తీరు వేరు. జీడిమామిడి ఈ నేలది కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చినది. తోటలో అది ఒకే వయసు, ఒకే ఎత్తు, విశాలమైన గొడుగుతో గాలికి ఎదురు నిలుస్తుంది. కొండ మీద మద్ది, గుగ్గిలం, ఇప్ప, కరక, తునికి ఎత్తుపల్లాలుగా కలిసి ఉంటాయి. గుగ్గిలం, మద్ది లాంటివి పైభాగం పోయినా మోడు నుంచి మళ్ళీ పిలకలు వేస్తాయి. పోడు కోసం ఎన్నోసార్లు కొట్టినా మన కొండలు మళ్ళీ చెట్లెక్కడానికి కారణం నేల కింద బతికి ఉన్న ఆ పాత వేళ్ళే. మూడో జవాబు కాస్త చేదుగా ఉంటుంది: మీరు చూసిన పచ్చదనం చెట్లది కాకపోవచ్చు. పెద్ద చెట్టు కూలి నేల మీద ఎండ పడగానే తీగలు, గడ్డి, లాంటానా కంప ఒక్క వర్షాకాలంలో కమ్ముకుంటాయి. తోటలో నిలబడి చూస్తే కొండ నిండుగానే కనిపిస్తుంది. అడవి తిరిగి వచ్చిందో, అడవి ఉన్నచోట తుప్పలు లేచాయో అంత దూరం నుంచి తెలియదు. ఈ మూడింటిలో మీ కొండకు ఏది వర్తిస్తుందో, ఏది ఏ పాళ్ళలో వర్తిస్తుందో తేల్చడమే మీరు చేయాలనుకుంటున్న పరిశోధన.

మీరు వాడిన స్థితిస్థాపకత అన్న మాట గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. అది భౌతికశాస్త్రంలో స్ప్రింగుకూ రబ్బరుకూ పుట్టిన మాట. అడవికి తొడిగితే వదులుగా ఉంటుంది. మన భాషలో ఇంతకన్నా పదునైన మాటలు రెండున్నాయి: తట్టుకోవడం, తేరుకోవడం. గాలికి కూలకపోవడం తట్టుకోవడం. కూలినా మళ్ళీ లేవడం తేరుకోవడం. ఒక అడవి మొదటిదానిలో గట్టిగానూ రెండోదానిలో బలహీనంగానూ ఉండవచ్చు. రెండూ కొలిచే పద్ధతులు వేరు. మూడో స్థితి కూడా ఒకటుంది: కొంతవరకు దెబ్బలు కాచిన అడవి, ఒక హద్దు దాటాక పాత రూపానికి రాకుండా పొదలుగానో గడ్డిమైదానంగానో స్థిరపడిపోవడం. కెనడా పర్యావరణ శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్ 1973లో రాసిన వ్యాసం ఈ ఆలోచనకు పునాది వేసింది. అర్ధశతాబ్దం గడిచినా అది చదవకుండా ఈ రంగంలోకి రాకండి. రేపు ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడగబోయే మొదటి ప్రశ్న, మీరు ఈ మూడింటిలో దేన్ని కొలుస్తారన్నదే.

ఇంకొక జాగ్రత్త. ఒక్క తుపానును చూపించి ఇది వాతావరణ మార్పు అని రాసేస్తే పరీక్షకులు అక్కడే ఆపుతారు. అడవిని అలసట పెట్టేది చాలావరకు ఒక్క పెద్ద దెబ్బ కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం తగ్గిపోవడం. వేసవి తీవ్రంగా ఉన్నప్పుడు నేలలో నీరు చాలక, దారునాళాల్లో వేళ్ళ నుంచి ఆకుల దాకా సాగే నీటి తీగ గాలిబుడగలతో తెగిపోతుంది. ఆ నష్టం పూడకముందే కార్చిచ్చు వస్తుంది, దాని వెనక తుపాను వస్తుంది. అమెజాన్ మీద 2022లో వెలువడిన ఒక ఉపగ్రహ పరిశోధన దెబ్బ తర్వాత అడవి తేరుకునే తీరును పట్టి చూసి, 2000 దశాబ్దం ఆరంభం నుంచి ఆ అడవిలో నాలుగింట మూడొంతులకు పైగా తేరుకునే వేగాన్ని కోల్పోతున్నదని చెప్పింది. చెట్లు నిలబడే ఉన్నాయి, పచ్చగానే ఉన్నాయి, చిన్న దెబ్బ నుంచి లేవడానికి పట్టే కాలం మాత్రం పెరుగుతున్నది.

దీన్నిబట్టి ఈ వృత్తి స్వభావం మీకు అర్థమై ఉంటుంది: అవే చెట్ల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. నీలగిరుల దిగువన ముదుమలై అడవిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్య ఆర్. సుకుమార్ బృందం 1988లో 50 హెక్టార్ల స్థలాన్ని గుర్తించి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకూ నంబరు బిళ్ళ కట్టింది. మొదటి లెక్కలోనే పాతిక వేలకు పైగా మొక్కలు తేలాయి. అప్పటి నుంచి ఏటా ఏది చచ్చింది, ఏది కొత్తగా వచ్చింది అని చూస్తూనే ఉన్నారు. కరువుకూ చిచ్చుకూ ఆకురాల్చే అడవి ఎలా స్పందిస్తుందో మన దేశానికి తెలిసినదానిలో పెద్ద భాగం ఆ నంబరు బిళ్ళల నుంచి వచ్చినదే.

ఈ పని చూడడానికి తేలిక. నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం సాలూరు కొండల్లో చిన్న స్థలం ఒకటి గుర్తించి నాలుగు వందల చెట్లు కొలిచాను. మన దేశంలో చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీస్తారు. నేను ఆ ఎత్తును కర్రతో కొలవకుండా, రొమ్ము ఎత్తే కదా అని నా సహాయకుడి రొమ్ముకు సరిపెట్టాను. అతను పొడగరి. మరుసటి ఏడాది వచ్చినవాడు పొట్టివాడు. రెండేళ్ళ పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని చెట్లు ఒక్క ఏడాదిలో విపరీతంగా లావెక్కాయి. మొదటి ఏడాది కొలత ముడి మీద పడినవి చిక్కిపోయాయి. పైగా మొదటిసారి వర్షాకాలం చివర, రెండోసారి ఏప్రిల్‌లో వెళ్ళాను. ఎండలకు బెరడు ఆరి మాను కొద్దిగా ముడుచుకుంటుందన్న సంగతి పుస్తకంలో చదివి కూడా లెక్కలోకి తీసుకోలేదు. రెండేళ్ళ పని చిత్తుకాగితమైంది. ఏ ఎత్తున కొలిచామో చెట్టు మీద రంగుతో గీత గీయాలని, ఏ నెలలో కొలిచామో అదే నెలలో తిరిగి వెళ్ళాలని నాకు అప్పుడు తెలిసింది.

నేర్చుకోవలసినవాటిలో మొట్టమొదటిది గణాంకశాస్త్రం. మన వైపు వృక్షశాస్త్రం విద్యార్థులు లెక్కలంటే జడిసి ఈ సబ్జెక్టు తీసుకున్నవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు అవే లెక్కలు ఎదురొస్తాయి. ఆర్ అనే కంప్యూటరు భాష, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరు రెండూ ఉచితం. ఇస్రోకు చెందిన డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఉపగ్రహ చిత్రాల మీద ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితమే. ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల ముక్క విడిగా కనిపిస్తుంది. అంటే తిత్లీకి ముందు ఏడాది, తర్వాతి ఏడేళ్ళు మీ తోట, మీ కొండ ఎలా ఉన్నాయో ఇవాళే చూడవచ్చు. మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులే అడ్డు; ఆ ఇబ్బంది రాడార్ ఉపగ్రహాలకు ఉండదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన రాడార్ ఉపగ్రహం నైసార్ మబ్బుల గుండా 12 రోజులకొకసారి అదే చోటును చూస్తుంది. అడవి బరువును అంచనా కట్టడం దాని పనుల్లో ఒకటి. అయితే చిత్రంలో కనిపించే పచ్చదనం మద్దిదో లాంటానాదో చెప్పడానికి కొండెక్కేవాళ్ళు కావాలి. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు. ఆ పనీ చేసి, గెడ్డ (కొండవాగు) దాటి వెళ్ళి మోడు పిలకలు లెక్కపెట్టేవాళ్ళు తక్కువ. మీకున్న బలం అక్కడ ఉంది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు మీరు వేరే అంశం వెతకనక్కరలేదు.

ఇక దారుల సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు) తెచ్చుకోవడం అన్నిటికన్నా గట్టి మార్గం. ఫెలోషిప్పు మీ పేరనే వస్తుంది కాబట్టి ఎక్కడ చేరాలో మీరు ఎంచుకోవచ్చు. 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000, ఇంటి అద్దె భత్యం విడిగా ఇస్తున్నారు. మహిళలకు వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు ఉంది. గేట్‌లో పర్యావరణం, జీవపరిణామం అన్న ప్రత్యేక పేపరు ఉంది. నెట్‌కు చదివినదే చాలావరకు దానికి పనికొస్తుంది. పీహెచ్‌డీకి బెంగళూరులో విజ్ఞాన సంస్థ పర్యావరణ శాస్త్రాల కేంద్రం, జీవశాస్త్రాల జాతీయ కేంద్రం ఎన్‌సీబీఎస్, పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ ఉన్నాయి. డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధన సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ ఉన్నాయి. హైదరాబాదు శివారు దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ మన తూర్పు కనుమలకు దగ్గరి చిరునామా. అక్కడా, ఇలాంటి ఇతర సంస్థల్లోనూ ప్రాజెక్టు సహాయకుల కోసం తరచు ప్రకటనలు వస్తుంటాయి. జీతం తక్కువే, కానీ పీహెచ్‌డీలో చేరే ముందు ఒక ఏడాది అలాంటి పని చేస్తే ఈ జీవితం మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. ఇది చదివే సవర, జాతాపు విద్యార్థులు ఎవరైనా ఉంటే, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ పరిశోధకులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. యూపీఎస్సీ నిర్వహించే భారత అటవీ సర్వీసు పరీక్షకు కూడా వృక్షశాస్త్రం డిగ్రీ పనికొస్తుంది. అయితే అది అడవిని నిర్వహించే ఉద్యోగం, మీరు అడిగిన పరిశోధన కాదు.

బతకడం సాధ్యమేనా అన్నారు. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు, ఆ తర్వాత రెండు మూడేళ్ళు తాత్కాలిక పరిశోధన. స్థిరమైన ఉద్యోగం చేతికి వచ్చేసరికి మీకు ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు వస్తాయి. ఫెలోషిప్పు నెలనెలా ఒకటో తారీకున పడుతుందని ఇంట్లో చెప్పకండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో తొమ్మిది నెలలు పైసా రాలేదు, వచ్చాక ఒక్కసారే వచ్చింది. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నవాళ్ళే నిలదొక్కుకుంటారు. ప్రభుత్వ శాస్త్రవేత్తల పోస్టులు తక్కువ. అయితే విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు, పరిహార వనీకరణ నిధులతో నాటిన మొక్కలు బతికాయో లేదో తనిఖీ చేసే పనులు, కర్బన లెక్కలు కట్టే కంపెనీలు ఉన్నాయి. చివరివాళ్ళు మిగతావారికన్నా ముందుగా, ఎక్కువగా జీతమిస్తారు. అక్కడ చేరినా తప్పులేదు. మీరు కొలవని చెట్టుకు మీ సంతకం మాత్రం పెట్టకండి.

సంస్థ పేరు కన్నా మార్గదర్శకుడి తీరు ముఖ్యం. ఎవరి దగ్గర చేరాలనుకుంటున్నారో వారి విద్యార్థులతో ముందు మాట్లాడండి. ఎంతమంది పూర్తి చేశారు, ఎన్నేళ్ళలో చేశారు, సేకరించిన లెక్కలు ఎవరి పేరున అచ్చయ్యాయి, ఆడపిల్లలకు బసా వాహనమూ ఎలా ఏర్పాటు చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. ఆచార్యులకు రాసే మెయిలులో ‘మీ పరిశోధన నాకెంతో స్ఫూర్తి’ అన్న వాక్యం వద్దు. అది వారికి రోజూ పది వస్తాయి. మీ తోట, మీ కొండ, మీ మూడు జవాబులు, వాటిని తేల్చడానికి మీరు ఇప్పటిదాకా చేసిన పని, అన్నీ కలిపి పదిహేను వరుసల్లో రాయండి. తెలుగు మాధ్యమం గురించి బెంగ పెట్టుకోకండి. శాస్త్ర వ్యాసాల ఇంగ్లీషు కవిత్వం కాదు, ఐదారు వందల మాటలు తిరిగి తిరిగి వస్తాయి. రోజుకొక వ్యాసం సంక్షిప్తి చదివి దాన్ని నాలుగు సొంత వాక్యాల్లో రాస్తే ఒక ఏడాదిలో చేయి తిరుగుతుంది. మీకు సవర మాట నాలుగు ముక్కలైనా వస్తే అది ఇంకా పెద్ద ఆస్తి. ఏ గెడ్డ పక్కన ఏ చెట్టు ఎప్పుడు పూయడం మానేసిందో చెప్పగలిగేవాళ్ళు ఆ భాషలో మాట్లాడతారు.

మీ అమ్మగారి భయం కొట్టిపారేయవలసినది కాదు. ఏజెన్సీ కొండల్లో మలేరియా ఉంది, పార్వతీపురం వైపు ఏనుగుల బెడద ఉంది, వర్షాకాలంలో గెడ్డలు అరగంటలో పొంగుతాయి. ఒంటరిగా ఎవరూ అడవికి వెళ్ళకూడదు, మగపిల్లలైనా సరే. ఊరివాళ్ళలో ఒకరిని కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్ళడం, వెళ్ళే దారీ తిరిగివచ్చే వేళా ఇంట్లో రాసిపెట్టడం, నాలుగింటికల్లా కొండ దిగడం ఈ వృత్తిలో అందరూ పాటించే పద్ధతులే. ఒకసారి అమ్మగారినే వెంట తీసుకువెళ్ళండి. అడ్డాకు, చీపురు ఎక్కడ దొరుకుతాయో ఆమెకే మీకన్నా బాగా తెలిసి ఉండవచ్చు.

డీఎస్సీ విషయంలో నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. ఇంట్లో రెండేళ్ళలో జీతం తప్పనిసరి అయితే బి.ఎడ్. చేయండి, అందులో చిన్నతనం లేదు. బడిలో చింత, పనస, మామిడి ఎప్పుడు చిగురిస్తున్నాయో, ఎప్పుడు పూస్తున్నాయో పిల్లలతో వారం వారం రాయించి సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త లెక్కకు పంపే ఉపాధ్యాయులున్నారు. ఆ లెక్కలను శాస్త్రవేత్తలు వాడుకుంటున్నారు. అవసరం అంత గట్టిది కాకపోతే నెట్‌కు రెండు ప్రయత్నాలు, ఒక ఏడాది ప్రాజెక్టు పని అని ఇంట్లో గడువు చెప్పి అడగండి. గడువు లేని కోరికకు ఏ తండ్రీ ఒప్పుకోడు, గడువు చెబితే ఆలోచిస్తాడు.

రిజర్వు అడవిలో చెట్టుకు మేకు కొట్టాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అందుకు మీ విభాగం ద్వారా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, నెలలు పడుతుంది. అది వచ్చేదాకా మీ సొంత తోటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జీడి పిక్కలు ఏరే రోజులు మొదలుకాకముందే, తిత్లీ తర్వాత మిగిలిన చెట్లకూ కొత్తగా నాటినవాటికీ నంబర్లు వేయండి. ఒక సాయంత్రం నాన్నగారిని వెంటబెట్టుకుని తోటంతా తిరిగి, ఆ రాత్రి ఏ చెట్టు ఎటు పడింది, ఏది పడి మళ్ళీ లేచింది, దేన్ని కొట్టించారు, ఎందుకు కొట్టించారు అని అడిగి పక్కనే రాసుకోండి. ఆ పట్టిక తయారయ్యాక నాకు పంపండి, తప్పులు వెతికి పెడతాను. చుట్టుకొలత ఏ ఎత్తున తీశారో ఆ గడి మాత్రం ఖాళీగా వదలకండి.